ముందు పైన, తర్వాత కింద

చిన్నకూతురు మలుపు తిరిగి రొప్పుకుంటూ పరుగెత్తి వస్తున్నప్పుడు ఆమె ఎవరింటి అబ్బాయిదో తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె ఆనించి ఉంది. ఆమె ఇస్త్రీ బడ్డీ పై వీధి మొదట్లో, సరిగ్గా బడి గేటుకి ఎదురుగా ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీంచి లేచి తాళంకప్ప చేతిలోకి తీసుకోవడం కనిపించింది.

“అన్నా, ఒక్క నిమిషం ఆగన్నా! అదిగో, వచ్చేస్తోంది!” అని బడ్డీలోంచే అరిచింది.

వాచ్‌మన్ ఆమె వైపు చూశాడు. పిల్ల వైపు కూడా చూశాడు. లోపల గంట మోగింది. గేటు మూసేశాడు.

కమురు వాసన ముక్కుకి తగిలేసరికి ఆమె ఇస్త్రీ పెట్టె చటుక్కున పైకెత్తింది. కాలరు మాడలేదు, బతికిపోయింది. మాడి ఉంటే ఆ చొక్కా తాలూకు తల్లి వచ్చి నడిరోడ్డు మీద నిలబెట్టి కడిగేసేది.

గేటు బయట చిన్నది ఒక్కతే కాదు. ఇంకా చాలామంది ఉన్నారు, అందరూ కింది వీధి పిల్లలే. ఇది ఆమె కొత్తగా కనిపెట్టిన విషయమేం కాదు, రోజూ కళ్ళెదుట జరిగేదే. కానీ ఇవాళ ఎందుకో ఒక్కొక్క మొహాన్నీ పట్టి పట్టి చూసింది. దర్జీ కవలపిల్లలు, ఆటో అతని కొడుకు, వెనకింటి వదిన మనవరాలు. పై వీధి పిల్ల ఒక్కరంటే ఒక్కరు లేరు. వాళ్ళ చొక్కాలూ స్కర్టులూ మాత్రం ఆమె బల్ల మీద గుట్టగా ఉన్నాయి, రేపటి కోసం.

చిన్నదాని స్కర్టు అంచు తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. నీళ్ళడబ్బా మోసిన భుజం మీద చొక్కా నలిగి ముద్దయింది. పొద్దున ఆమె తన చేత్తో ఇస్త్రీ చేసి తొడిగిన చొక్కా అది. తల్లి వైపు చూడకుండా, గోడకి ఆనుకుని, సంచీలోంచి పుస్తకం తీసి అక్కడే నిలబడి చదువుకోవడం మొదలుపెట్టింది. ఏడ్చినా బాగుండును అనిపించింది తల్లికి.

మొదటి పీరియడ్ అయ్యాక వాళ్ళని లోపలికి వదిలారు. ఆ తర్వాత కాసేపటికి లెక్కల టీచరమ్మ రోడ్డు దాటి బడ్డీ దగ్గరికి వచ్చింది. తన బట్టల కోసమేమో అనుకుని మడతపెట్టినవి తియ్యబోయింది ఆమె.

“బట్టలు సాయంత్రం తీసుకుంటాలెండి. మీ అమ్మాయి గురించి చెబుదామని వచ్చాను. ఆ పిల్లకి బుర్ర ఉందమ్మా. లేకపోతే ఇంత దూరం వచ్చి చెప్పను నేను.”

ఇంత దూరం అంటే రోడ్డుకి ఆ పక్క నుంచి ఈ పక్కకి. అయినా మాట మంచిదే కాబట్టి ఆమె తలూపింది.

“మొదటి పీరియడ్ ప్రత్యేక తరగతి కదా. పెద్ద కాలేజీ ప్రవేశ పరీక్షకి బడి తరఫున పంపేది ఆ తరగతి పిల్లల్నే. రోజు మార్చి రోజు గేటు బయట నిలబడే పిల్లని అందులో ఎలా ఉంచుతారని హెడ్మాస్టరమ్మ అడుగుతున్నారు. ఇప్పటిదాకా నేనే ఆపాను. ఇంకొక్కసారి గంట టైముకి లోపల లేకపోతే తీసేస్తారు. ఇక నా చేతుల్లో లేదు.”

“నీళ్ళ వల్లమ్మా. సరిగ్గా బడి టైముకే మాకు నీళ్ళొస్తాయి.”

“కొంచెం ముందే పట్టేసుకోమనండి.”

ముందే పట్టుకోవాలట! వచ్చిన నీళ్ళు కదా పట్టుకుంటారు ఎవరైనా.

టీచరమ్మ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. “అన్నట్టు, నీళ్ళు వదిలేది మీ ఆయనేనటగా?”

అందులో వెటకారం ఏమీ లేదు. మామూలుగానే అడిగింది. అందుకే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

*

ఆమె మొగుణ్ని రెండు వీధుల్లోనూ నీళ్ళాయన అంటారు. అతని ఉద్యోగమల్లా రోడ్డు మీద ఇనపమూతలు ఎత్తడం, మనిషంత పొడుగున్న కడ్డీని గుంటలోకి దించి వాల్వు తలకి తగిలించడం, రెండు చేతులతో దాన్ని గుండ్రంగా తిప్పడం. తిప్పాక కడ్డీ పైకొసకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. నీళ్ళు కదిలిన చప్పుడు ఇనుములోంచి వినిపించేదాకా అక్కణ్ణించి లేవడు. చూసేవాళ్ళకి అతను రోడ్డుతో రహస్యం మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

చీకటి విడవకముందే పై వీధి వాల్వు తిప్పుతాడు. అక్కడ నీళ్ళయ్యాక దాన్ని మూసి, సైకిలు మీద దిగివచ్చి కింది వీధి వాల్వు తెరుస్తాడు. అప్పటికి బడి గంటకి కొంచెమే టైముంటుంది. కింది వీధిలో సందుకో కుళాయి. ఒకరు కుళాయి దగ్గర చోటు వదలకుండా నిలబడాలి, ఇంకొకరు మొయ్యాలి. చోటు వదిలితే మళ్ళీ వరస చివరికే. వాళ్ళింట్లో పెద్దది కుళాయి దగ్గర, చిన్నది మోత. తల్లి బడ్డీలో ఉంటుంది. పై వీధి వాళ్ళు చివరి నిమిషంలో ఒక చొక్కా, ఒక పాంటు విసిరి, నిలబడి చేయించుకునే వేళ అది. ఆ వేళ బడ్డీ మూస్తే ఇక మిగతా రోజంతా తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

మధ్యాహ్నం అతను తిండికి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే అందుకుంది.

“రేపట్నుంచి కింద ముందు వదులు. పైన తర్వాత వదులు.”

“అదేంటే?” అన్నాడు కడ్డీని జాగ్రత్తగా గోడకి చేరేస్తూ.

టీచరమ్మ చెప్పినదంతా ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పింది. అతను విన్నాడు. చేతులు కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

“ఆర్డరది. ముందు పైన, తర్వాత కింద.”

“ఎవరిచ్చారు ఆర్డరు?”

“ఆఫీసు.”

“ఆఫీసులో ఎవరు?”

“ఆఫీసంటే ఆఫీసే. నేను చేరిన రోజు నుంచీ అంతే. అయినా మన వీధికి నేనే ముందు వదిలానంటే నలుగురూ ఏమంటారు? వాల్వు చేతిలో ఉంది కదాని సొంతిల్లు చక్కబెట్టుకున్నాడంటారు. ఇన్నేళ్ళలో ఒకరి దగ్గర టీ చుక్క తాగలేదు నేను.”

“తాగాల్సింది. టీ తాగి మన పిల్లని బడికి పంపించి ఉంటే ఈపాటికి నీకు దణ్ణం పెట్టేదాన్ని.”

పెద్దది లోపల అద్దం ముందు జడ వేసుకుంటోంది. చదువుకునే రోజుల్లో నీళ్ళ మోత దానిదే, తొమ్మిదో తరగతితో బడి మానేసింది. బల్బులు డబ్బాల్లో సర్దే షెడ్డుకి వెళ్తుంది, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. ఏ గొడవైనా దాని నోటికి వస్తే నవ్వులాటగా మారాల్సిందే.

“ఊరుకో అమ్మా. నువ్వు మమ్మల్ని పై వీధిలో కని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. తప్పు నీది. కనేటప్పుడు కొంచెం పైకి నడవాల్సింది.”

“నీకు అన్నీ వేళాకోళమే,” అంది తల్లి. కానీ చిన్నగా నవ్వు వచ్చింది, దాంతో కోపం ఇంకా పెరిగింది. నవ్వించినందుకు పెద్దదాని మీద, నవ్వకుండా ముద్దలు మింగుతున్నందుకు మొగుడి మీద. చెడ్డవాడైతే ఎన్ని మాటలైనా అనవచ్చు. ఈ మంచివాడితో వేగలేక ఆమె తల ప్రాణం తోకకొస్తోంది.

*

మర్నాడు ఆమె బడ్డీ తెరవలేదు. తనే డబ్బాలు మోసింది. మోకాళ్ళు పట్టేశాయి, చీర సగం తడిసింది, రెండుసార్లు కాలు జారింది. కానీ చిన్నది గంటకి ముందే తలదువ్వుకుని, పొడి బట్టల్తో బయల్దేరింది. అది వీధి మలుపు తిరిగేదాకా తల్లి డబ్బా కింద పెట్టి చూస్తూ నిలబడింది. వెనక నుంచి పెద్దది “అమ్మా, నీళ్ళు అయిపోతున్నాయి, తర్వాత మురుద్దువుగాని రా” అని కేకేసేదాకా అలాగే ఉంది.

మోత అయ్యాక పైకి వెళ్ళేసరికి బడ్డీ ముందు డాక్టరుగారావిడ నిలబడి ఉంది.

“ఏమైపోయావమ్మా నువ్వు? మా వాడి చొక్కా ఇస్త్రీ లేక వాడు మొండికేశాడు. దాని గోలలో బడికి లేటైపోయింది. చెప్పా పెట్టకుండా మానేస్తే ఎలా? మేమంతా నీ మీదే ఆధారపడి ఉన్నాం కదా!”

ఆమె నోరు విప్పేలోగా మలుపులో కారు కనిపించింది. గంట ఎప్పుడో మోగింది. గేటుకి తాళం పడి ఉంది. కారు గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. వాచ్‌మన్ గబగబా లేచి తాళం తీశాడు. డాక్టరుగారబ్బాయి దిగి, నలిగిన చొక్కాతో లోపలికి వెళ్ళిపోయాడు. గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డ కింది వీధి పిల్లలు వాడికి దారిచ్చారు. మళ్ళీ తాళం పడింది.

డాక్టరుగారావిడ వెళ్ళాక ఆమె రోడ్డు దాటింది.

“ఏంటన్నా ఇది? నిన్న నా కూతురు నాలుగడుగుల దూరంలో ఉంటే మూసేశావు.”

“హారన్ కొట్టారు చెల్లెమ్మా,” అన్నాడు వాచ్‌మన్ నేల చూపులు చూస్తూ. “తియ్యకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. నాకూ పిల్లలున్నారు.”

అతని పిల్లలు కూడా గేటు బయటే నిలబడి ఉన్నారు.

ఆమె అదే ఊపులో హెడ్మాస్టరమ్మ గదిలోకి వెళ్ళింది. తడి చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. హెడ్మాస్టరమ్మ కూర్చోమంది, మంచినీళ్ళు కూడా తెప్పించింది. ఆ నీళ్ళగ్లాసు చూసి ఆమెకి వెర్రి కోపం వచ్చింది. మొహాన కనబడకుండా తాగేసింది.

“చూడమ్మా, రూలు అందరికీ ఒకటే. మీ కోసం ఒకటీ, ఇంకొకరి కోసం ఒకటీ ఉండదు.”

“కారులో వచ్చినబ్బాయికి గేటు తీశారు మేడమ్, ఇప్పుడే.”

“అది ఎప్పుడో ఒక్క రోజు. మీ వీధి పిల్లల సంగతి రోజూ ఉండేదే. నేను ఈ బడికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. తెలివి లేక కాదు, చదువు మీద శ్రద్ధ ఉండదు. అది ఇంట్లో అలవాటు చెయ్యాలి. ఒకరిద్దరు బాగా చదువుతారనుకుంటాం, మధ్యలో మానేస్తారు. మీ పెద్దమ్మాయి ఇక్కడే కదా చదివింది?”

“ఇక్కడేనండి.”

“చూశారా మరి.”

పెద్దదాని గురించి తనూ నలుగురిలో అదే చెప్పుకుంది. దానికి శ్రద్ధ లేదు, కూర్చోబెడితే కూర్చోదు, అందుకే పనిలో పెట్టేశాం అని.

“నీళ్ళ టైము మార్చమని నీళ్ళాఫీసులో అడగండి,” అంది హెడ్మాస్టరమ్మ లేస్తూ. “అక్కడ చెయ్యాల్సిన పని ఇక్కడికొచ్చి అడిగితే ఏం లాభం?”

నీళ్ళాఫీసు బస్సెక్కి వెళ్ళాల్సినంత దూరం. వెళ్ళింది. అవతలి గదికి వెళ్ళమన్నారు, వెళ్ళింది. ఇవతలి గదికే రావాలన్నారు, వచ్చింది. ఇంజనీరు తిండి తింటున్నాడన్నారు. తిని, చెయ్యి కడుక్కుని, పళ్ళు కుట్టుకుంటూ వచ్చేదాకా వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. వీళ్ళలో ఒక్కరన్నా గట్టిగా కసిరితే బాగుండు, తిరిగి కసరవచ్చు. అందరూ మర్యాదగానే ఉన్నారు, అందరూ తలుపు దాకా సాగనంపుతున్నారు.

“ఆర్డరా?” అన్నాడు ఇంజనీరు. “అలాంటి ఆర్డరేం లేదమ్మా.”

“లేకపోవడమేంటండీ? ముందు పైన, తర్వాత కింద...”

“రెండు వీధులకీ నీళ్ళందాలి. ట్యాంకు ఖాళీ కాకూడదు. మాకు కావాల్సింది అంతే. ఏది ముందు, ఏది వెనక అన్నది తిప్పేవాడి ఇష్టం. మీ ఆయన్ని అడగండి.”

“మరి ఇన్నేళ్ళూ ఎవరూ పట్టించుకోలేదా?”

“కింది నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు కదమ్మా. ఫిర్యాదు లేదంటే ఇబ్బంది లేదనే కదా?”

ఫిర్యాదు ఎందుకు వస్తుంది? ఎవరైనా గొణిగితే ఆమె మొగుడే సైకిలు ఆపి, ఓపిగ్గా నచ్చజెప్పేవాడు: ఆర్డరది, ఏం చెయ్యలేం అని. అతను అబద్ధం చెప్పడని వీధంతటికీ నమ్మకం.

*

“ఇంజనీరు కొత్తవాడు,” అన్నాడు అతను. “మొన్నీమధ్యే వచ్చాడు. వాడికేం తెలుసు?”

“నీకు తెలుసా? నీకెవరు చెప్పారో చెప్పు చాలు.”

అతను ఆలోచించాడు. అతను ఆలోచిస్తే చాలాసేపు పడుతుంది, ఆమె పళ్ళు కొరుక్కుంటూ ఆగింది.

“బాబాయి చెప్పాడు. చేరిన రోజు.”

బాబాయి అంటే సొంత బాబాయి కాదు. అతనికి ముందు ఈ వాల్వులు తిప్పిన మనిషి, అతనికి పని నేర్పినవాడు. ఉద్యోగం మానేసి కొడుకు దగ్గర ఉంటున్నాడు, ట్యాంకు వెనకాల. ఆ సాయంత్రమే మొగుణ్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. దారి పొడుగునా ఆమె రెండడుగులు ముందే నడిచింది. మాట్లాడితే ఆ మాట ఎక్కడ ఆగుతుందో ఆమెకే నమ్మకం లేదు.

పెద్దాయన వసారాలో కుర్చీలో కూర్చుని, రెండు మోకాళ్ళకీ ఏదో నూనె పట్టించుకుంటున్నాడు. వీళ్ళని చూసి మొహం చాటంత చేసుకున్నాడు.

“రారా అబ్బాయ్! అమ్మాయ్, నువ్వూ రా. ఏంటిలా దారి తప్పారు?”

“బాబాయ్, ముందు పైన, తర్వాత కింద అని చెప్పావు కదా నాకు. ఆ ఆర్డరు ఎవరిచ్చారు?”

“ఏ ఆర్డరురా?”

“అదే, నీళ్ళు. ముందు పైన వదలాలి, తర్వాత కింద వదలాలి అని.”

పెద్దాయన మోకాలి మీద చెయ్యి ఆపి కాసేపు అతన్నే చూశాడు. తర్వాత నవ్వాడు.

“ఆర్డరేంట్రా నీ మొహం! నేనుండేది ఎక్కడ? ఇక్కడ, పైన. లేవగానే పక్కనే ఉన్న వాల్వు తిప్పేవాణ్ని. తర్వాత సైకిలెక్కితే తొక్కక్కర్లేకుండా కిందికి జారిపోయేది. ముందు కిందికి వెళ్తే మళ్ళీ పైకి సైకిలు తోసుకుంటూ రావాలి. నా మోకాళ్ళు నీకు తెలీదా? అప్పటికే పనికిరాకుండా పోయాయి.”

“మరి ముందు కింద వదిలితే పైకి నీళ్ళెక్కవని...”

“కింది వాల్వు మూసేశాక ఎందుకెక్కవురా? ట్యాంకు పైవీధికంటే ఎత్తులోనే ఉందిగా. పైగా అక్కడ అందరికీ సంపులే. ఎప్పుడు పంపినా గోతిలోకే పడతాయి, వాళ్ళకేం?” పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. “వీడుండేది కింద కదమ్మా. నేనైతే వీడు వచ్చిన మర్నాడే తిరగేసి ఉంటాడనుకున్నాను. వీడి ఇంటి నుంచి కింది వాల్వే దగ్గర. ఇంకా అలాగే తిప్పుతున్నాడా?”

“అలాగే తిప్పుతున్నాడు మావయ్యగారూ,” అంది ఆమె.

“రోజూ పొద్దున్నే పైకి తోసుకుంటూ వస్తున్నావట్రా సైకిలు?”

అతను తలొంచుకున్నాడు. పెద్దాయన జాలిపడి లోపలికి కేకేసి టీ తెమ్మన్నాడు. టీ వచ్చింది. జీవితంలో మొదటిసారి నీళ్ళ వ్యవహారంలో ఒకరి ఇంట టీ తాగాడు అతను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా రెండు చేతుల్తో పట్టుకునే ఉన్నాడు.

ఆమె ఒళ్ళంతా మండుతోంది. ఎవరో కుట్ర పన్ని ఉంటే, పై వీధి వాళ్ళు డబ్బిచ్చి చేయించి ఉంటే, ఎవరో ఒకరి చొక్కా పట్టుకోవచ్చు. పట్టుకుందామంటే ఉన్నదల్లా ఒక ముసలాయన మోకాళ్ళు.

*

మర్నాడు చీకటితోనే కింది వీధి కుళాయిలు బుస్సుమన్నాయి. చప్పుడుకి కుక్కలు అరిచాయి. కుళాయి తిప్పి వదిలేసిన సందుల్లో నీళ్ళు పొంగి గుమ్మాల దాకా వచ్చాయి. వెనకింటి వదిన నిద్రమొహంతో బయటికొచ్చి, “ఏంటి నీళ్ళాయనా, మతి పోయిందా? ఈ వేళప్పుడా?” అని తిట్టిపోసింది. దర్జీ లుంగీ ఎగ్గట్టుకుని బకెట్ల కోసం పరుగెత్తాడు. రెండో రోజు తిట్లు తగ్గాయి. మూడో రోజుకి ఎవరూ ఏమీ అనలేదు, నిద్రలేచి పట్టుకున్నారు. పిల్లలు పడుకునే ఉన్నారు.

అతను మాత్రం కుదురుగా లేడు. పై వీధి నుంచి గోల వస్తుందని ఎదురుచూస్తున్నాడు. ఎవరైనా సైకిలు ఆపి అడిగితే ఏం చెప్పాలో బట్టీ పట్టాడు: నా ఇంటి కోసం మార్చలేదు, పిల్లలందరి బడి కోసం మార్చాను, కావాలంటే ఇంజనీరు గారిని అడగండి. కడ్డీ భుజాన పెట్టుకుని పై వీధిలో రోజూ కంటే నెమ్మదిగా నడిచేవాడు. వాల్వు తిప్పాక చెవి ఆనించడం అయిపోయినా లేచేవాడు కాదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. ఇంట్లో ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు, ఆఫీసు నుంచి పిలుపొస్తే వెంటనే వెళ్ళడానికి.

“ఎవరైనా ఏమన్నారా?” అని రోజూ అడిగేవాడు, ఆమె బడ్డీ నుంచి రాగానే.

“లేదు.”

“రేపు అంటారు చూడు.”

చిన్నది రోజూ గంటకి ముందే వెళ్తోంది. లెక్కల టీచరమ్మ బట్టలు తీసుకోవడానికి వచ్చి, మీ అమ్మాయిని పరీక్షకి పంపడం ఖాయం చేశారమ్మా అని చెప్పింది. గేటు మూసే వేళకి బయట గోడ పక్కన ఎవరూ ఉండడం లేదు. వాచ్‌మన్ తాళం వేసి, తోచక, స్టూలు ఎండలోంచి నీడలోకీ నీడలోంచి ఎండలోకీ జరుపుకుంటున్నాడు. హెడ్మాస్టరమ్మ ప్రార్థన వేళ కింది వీధి పిల్లల్ని మెచ్చుకుందట, ఇన్నాళ్ళకి మీకు శ్రద్ధ వచ్చింది అని.

ఆ వారం చివర్లో డాక్టరుగారావిడ బట్టల మూట తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు, ఆమె ఇక ఉండబట్టలేక తనే అడిగేసింది.

“అమ్మా, ఈ మధ్య మీ వీధికి నీళ్ళు ఆలస్యంగా వస్తున్నాయి కదా. ఇబ్బందిగా ఉందా?”

“నీళ్ళా?” డాక్టరుగారావిడ మూట విప్పుతూ అంది. “ఆలస్యంగా వస్తున్నాయా? నాకేం తెలుసమ్మా! అవి సంపులోకి ఎప్పుడు పడతాయో ఎవరు చూశారు? మోటారు వేస్తే పైకొస్తాయి. ఇదిగో, ఈ స్కర్టుకి మడతలు కొంచెం సన్నగా పెట్టు, కిందటిసారి లావుగా వచ్చాయి.”

మడతలు సన్నగానే పెట్టింది ఆమె. ఒక్కొక్క మడతా వేలితో నొక్కి, తడిగుడ్డ వేసి, పెట్టె ఆనించింది. అరవాలనిపించింది, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మధ్యాహ్నానికి బడ్డీ దించేసి ఇంటికి వచ్చింది. అతను ఉతికిన చొక్కాలో కూర్చుని ఉన్నాడు. పెద్దది షెడ్డుకి వెళ్ళడానికి ఇంకా టైముందని గుమ్మంలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటోంది.

“ఎవరైనా ఏమన్నారా?”

“అనరు,” అంది ఆమె. “ఎవరూ ఏమీ అనరు. ఆ చొక్కా విప్పెయ్యి. డాక్టరుగారావిణ్ని నేనే అడిగాను. నీళ్ళెప్పుడొస్తాయో వాళ్ళకి తెలీనే తెలీదట. నువ్వు చీకట్లో లేచి సైకిలు తోసుకుంటూ వెళ్ళి వదిలిన నీళ్ళు, వాళ్ళు నిద్రపోతుంటే గోతిలోకి పడేవి. అంతే.”

అతను అరచేతుల్లో కడ్డీ రాసుకుని గట్టిపడిన చోట బొటనవేలితో గీరుకున్నాడు. ఎవరైనా ఒక్క మాట తిట్టి ఉంటే అతనికి కొంచెం ఊపిరాడేదేమో.

పెద్దది గోళ్ళు కత్తిరించడం ఆపింది. ఇప్పుడేదో వేళాకోళం ఆడుతుందని తల్లి అనుకుంది. ఆడితే చెంప పగలగొడదామని కూడా అనుకుంది.

“నాన్నా,” అంది పెద్దది.

“ఊఁ.”

“నేను బడికి వెళ్ళేటప్పుడు కూడా పైవాళ్ళకి సంపులున్నాయా?”

అతను తలెత్తాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. చేతనైతే బాగుండునని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మొదటిసారి అనుకుంది.

“ఉన్నాయమ్మా,” అన్నాడు. “అప్పటికే ఉన్నాయి.”

పెద్దది తలూపింది. కత్తిరించిన గోళ్ళముక్కలు ఏరి అరచేతిలో పోగుచేసుకుంది. వాటిని బయట పారేసి వచ్చి, మిగిలిన చేతి గోళ్ళు తీసుకోవడం మొదలుపెట్టింది.